తొమ్మిదో రోజు లెక్క

ఈ వసంతంలో మా ఇంటికి వచ్చినంతమంది చుట్టాలు మా అమ్మాయి పెళ్లికి కూడా రాలేదు. నేను నెలాఖరుకి రిటైరవుతున్నానని తెలిసి అందరూ ఒకసారి చూసి పోవడానికి వస్తున్నారు. మంచాన పడ్డవాణ్ని చూసి పోవడానికి వచ్చినట్టే ఉంటుంది వాళ్ల వరస. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే గొంతు తగ్గించి "ఎలా ఉన్నారు?" అంటారు. బాగానే ఉన్నానంటే నమ్మరు.

మొదట మా బావమరిది వచ్చాడు. నాలుగు రోజులుండి, ఊపిరి ఎలా పీల్చాలో నాకు నేర్పాడు. అరవై ఏళ్లుగా పీలుస్తూనే ఉన్నానయ్యా అంటే, తప్పుగా పీలుస్తున్నారు బావగారూ అన్నాడు. ఆయన వెళ్లాక మా తమ్ముడూ మరదలూ దిగారు. కాలక్షేపానికని చదరంగం బోర్డు తెచ్చి, మూడు రోజులూ వాళ్లిద్దరే ఆడుకుని, దాన్ని నాకిచ్చి వెళ్లారు. ఆ తర్వాత మా అమ్మాయి వారం రోజుల సెలవు పెట్టుకుని వచ్చి, నా బీరువా తలుపులు బార్లా తెరిచింది. "నాన్నా, ఇంక ఈ ఆఫీసు చొక్కాలన్నీ దేనికి?" అంటూ ఒక్కొక్కటీ తీసి కుప్పేసింది. అది సర్దుతుండగానే మా అక్క పెట్టెతో సహా వచ్చింది. అక్క హెడ్మిస్ట్రెస్‌గా చేసి దిగి పన్నెండేళ్లయింది గానీ, ఆవిడ దృష్టిలో మేమంతా ఇంకా బెంచీల మీదే ఉన్నాం.

ఇంతమంది మధ్యలో నేను నా భార్యకి ఒక మాట చెప్పాలి. మూడు వారాలుగా చెప్పలేక చస్తున్నాను.

ముందు నా పనేమిటో చెబితే గానీ ఆ మాటేమిటో అర్థం కాదు. నాది విత్తనాలు పరీక్ష చేసే ల్యాబు. రైతులకు అమ్మే ముందు ప్రతి రకం విత్తనంలోంచీ నాలుగు వందల గింజలు లెక్కపెట్టి, తడికాగితంలో చుట్టి, మొలకల గదిలో పెడతాం. బీన్స్ అయితే ఐదో రోజున ఒకసారి చూస్తాం. తొమ్మిదో రోజున ఆఖరి లెక్క. ఒక్కో మొలకనూ ఎత్తి, వేరు చూసి, కాండం చూసి, మంచివి ఒక వరస, వంకరవి ఒక వరస, చచ్చినవి ఒక వరస పేరుస్తాం. నూటికి ఎన్ని మంచివో రాసి, సంతకం పెట్టి, అన్నీ కలిపి చెత్తబుట్టలో వేస్తాం. ల్యాబులో నన్ను 'తొమ్మిదో రోజు సార్' అంటారు. ఎదురుగా కాదు, వెనకాల.

గింజలకి ఆదివారాలు తెలియవు. తొమ్మిదో రోజు ఆదివారం పడితే ఆదివారమే వెళ్లాలి. మా అమ్మాయి పుట్టింది కూడా అలాంటి రోజునే. లెక్క ముగించి ఆసుపత్రికి పరిగెత్తేసరికి పిల్ల పాలు తాగి నిద్రపోతోంది. నా భార్య ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనదు. పోయిన ఏడాది మాత్రం ఒకసారి, కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా అంది.

"మీరు రిటైరయ్యాక మధ్యాహ్నం ఇద్దరం కలిసి తిందామండీ. ఇన్నేళ్లూ ఒక్కదాన్నే తిన్నా. తినబుద్ధి కాదు."

అప్పటినుంచీ ఆవిడ ఈ నెలాఖరు కోసం చూస్తోంది. పెరట్లో రాళ్లు ఏరింది, మట్టి తవ్వించింది, వంటింటి వెనక గోడవారగా రెండు కుర్చీలు వేయించింది. నేనేం చేశానంటే, ఆవిడకి తెలియకుండా నా ఉద్యోగం రెండేళ్లు పొడిగించమని దరఖాస్తు పెట్టాను.

ఎందుకు పెట్టానో నిజం చెబుతాను. భయం వేసింది. పగలు పన్నెండింటికి ఒక మగమనిషి ఇంట్లో ఏం చేస్తాడో నాకు తెలియదు. ఆదివారం ఖాళీగా ఉంటేనే నాకు కాలుగాలిన పిల్లిలా ఉంటుంది. ఏడు రోజులూ ఆదివారాలే అయితే నా గతేమిటి? రోజూ సాయంత్రం చెప్పేద్దామనే ఇంటికి వచ్చేవాణ్ని. హాల్లో ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు. అందరూ వెళ్లాక చెబుదాంలే అనుకునేవాణ్ని. వెళ్లేసరికి ఇంకొకరు వచ్చేవారు. చుట్టాలను విసుక్కున్నాను గానీ, వాళ్లు రావడం నాకు కలిసొచ్చిందని కూడా ఒప్పుకోవాలి.

ఆ మధ్య ఒక ఆదివారం ఆవిడ నా చేతిలో బీన్స్ గింజల పొట్లం పెట్టింది. "మీ చేత్తో వెయ్యండి. ఇన్ని లక్షల గింజలు చూసిన చెయ్యి." వరసకి పది చొప్పున ఆరు వరసలు, అరవై గింజలు నాటాను. వేలితో కొలిచి మరీ నాటాను. అక్కడితో ఊరుకోవచ్చుగా? మూడో రోజున ఒక గింజ తవ్వి చూసి మళ్లీ పూడ్చాను. ఐదో రోజున రెండు. ఆవిడ వంటింటి కిటికీలోంచి "ఏవండీ!" అని కేక వేసింది.

"మొలుస్తున్నాయో లేదో చూస్తున్నా."

"మీరు చూస్తుంటే అవి మొలవవు. లోపలికి రండి."

మొలిచాయి. ఏడో రోజుకి మట్టి పగిలి, మెడలు వంచుకుని, బిలబిలమంటూ బయటికొచ్చాయి. ఆవిడ పొద్దునా సాయంత్రం చెంబుతో నీళ్లు పోసి, అక్కకి చూపించి, అమ్మాయికి చూపించి, పక్కింటావిడని కూడా పిలిచి చూపించింది.

మంగళవారం మొలకల గదిలో చల్లదనం మిషను పాడైంది. రిపేరయ్యేదాకా మమ్మల్ని ఇంటికి పొమ్మన్నారు. పది గంటలకి డైరెక్టరు మేడం దగ్గర్నుంచి ఫోను.

"మీ పొడిగింపు ఆర్డరు సంతకానికి రెడీగా ఉంది. మీరు ఊఁ అంటే పెట్టేస్తా. సాయంత్రం ఐదులోపు చెప్పండి, లేకపోతే మీ కుర్చీ మీ జూనియర్‌కి ఇచ్చేయాలి."

కోరుకున్నదే వచ్చింది. అయినా సాయంత్రం చెబుతానని ఫోను పెట్టేశాను. హాల్లోకి వెళ్తే అక్క పేపరు మడిచి "రిటైరైనవాడికి క్రమశిక్షణ ముఖ్యంరా" అని మొదలుపెట్టింది. పడగ్గదిలోకి వెళ్తే అమ్మాయి చొక్కాల కుప్ప మధ్య కూర్చుని ఉంది. వంటింట్లో నా భార్య ఏదో కూనిరాగం తీస్తోంది. ఆ రాగం విని గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను. ఇంట్లో నేను నిలబడటానికి చోటు లేదనిపించి, నిన్నటి పేపరు ఒకటి చేతపట్టుకుని పెరట్లోకి వెళ్లాను.

చదువుదామనే తీసుకెళ్లాను. మడి పక్కన పరిచాను. ఊఁ అనాలా, ఉహూఁ అనాలా? ఊఁ అంటే ఈవిడకి ఏ మొహంతో చెప్పాలి? ఉహూఁ అంటే వచ్చే నెల ఒకటో తారీఖున పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలి? తల అక్కడ నలుగుతోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. అక్క కేక వేసేదాకా నాకు తెలియలేదు.

"ఒరేయ్! ఏం చేస్తున్నావురా?"

చూసుకున్నాను. మడిలో ఒక్క మొక్క లేదు. అరవైయ్యూ పేపరు మీద ఉన్నాయి, మూడు వరసల్లో. పేపరు అంచున నా చేతిరాతే: మంచివి యాభై ఒకటి, వంకరవి ఆరు, చచ్చినవి మూడు. కింద తారీఖు వేసి సంతకం కూడా పెట్టాను. ఆ రోజు తొమ్మిదో రోజు.

అమ్మాయి పరిగెత్తుకొచ్చి, చూసి, గోడ పట్టుకుని పడీపడీ నవ్వింది. "బుద్ధుందా నీకు?" అంది అక్క. వెనకాలే నా భార్య వచ్చింది. తను నవ్వలేదు. చీర కుచ్చిళ్లు పట్టుకుని పేపరు పక్కన గొంతుక్కూర్చుంది.

"మంచివెన్ని?"

"యాభై ఒకటి. నూటికి ఎనభై ఐదు. చాలా మంచి గింజ," అన్నాను గబగబా.

"మంచివని తెలిశాక కూడా ఎందుకు పీకారు?"

"పీకితేగానీ మంచిదో కాదో తెలియదు."

"తెలిశాక ఏం చేస్తారు?"

"రాసేసి, పారేస్తాం."

"ఇన్నేళ్లలో ఒక్కదాన్ని కూడా పెరగనివ్వలేదా?"

ఆలోచించాను. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. లక్షల మొలకలు చూశాను. పదో రోజు మొక్క ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదు. "లేదు," అన్నాను. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనే నోరు పెగిలింది.

"నీకో మాట చెప్పాలి."

"పొడిగింపు సంగతేగా?"

అమ్మాయి నవ్వు ఆగిపోయింది.

"నీకెలా తెలుసు?"

"మీ ఆఫీసు గుమాస్తా ఫోను చేశాడు. మీరు మొలకల గదిలో ఉన్నారట, ఫోను ఎత్తడం లేదట. పొడిగింపు వస్తే కొత్త ఐడీ కార్డు చెయ్యాలట, ఫొటో కావాలన్నాడు. నేనే పంపించా. నీలం చొక్కాది, అందులో బాగుంటారని."

నాకు ఒళ్లు మండింది. తప్పు నాదైనప్పుడే నాకు కోపం ఎక్కువ వస్తుంది. "తెలిసి ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావు? అడగొచ్చుగా!"

"మీరే చెబుతారేమోనని చూశా." ఒక మొక్కను వేళ్లతో ఎత్తి, వేరుకంటిన మట్టి దులిపింది. "తొమ్మిదో రోజుకి కూడా మొలవకపోతే మీరేమని రాస్తారు?"

"చచ్చిందని."

"నేను పదకొండు రోజులు చూశానండీ."

లేచి లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అందరికీ మామూలుగానే వడ్డించింది. మారు వడ్డిస్తూ నా కంచం దగ్గర ఆగి "ఇంకొంచెం?" అని కూడా అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది. సగం అన్నం కంచంలోనే వదిలేసి లేచాను. చెయ్యి కడుక్కుని ముందు గదినుంచి వెనక గదికీ, వెనక గదినుంచి ముందు గదికీ తిరిగాను. అక్క "కూర్చోరా, కళ్లు తిరుగుతున్నాయి" అంది. కూర్చోలేకపోయాను. ఊఁ అంటే రాబోయే రెండేళ్లు ఎలా ఉంటాయో నాకు బాగా తెలుసు. తడికాగితాలు, మూడు వరసలు, చెత్తబుట్ట. ఉహూఁ అంటే ఎలా ఉంటుందో ఏమీ తెలియదు. నాలుగున్నర దాకా ఆ తెలియనిదాని చుట్టూనే తిరిగాను. భయం పోతుందేమోనని చూశాను, పోలేదు. ఆ భయంతోనే వంటింట్లోకి వెళ్లి, ఆవిడ ముందు నిలబడి ఫోను కలిపాను.

"మేడం, పొడిగింపు వద్దండి."

"అదేంటి, మీరే కదా అడిగారు! సరే, ఫైల్లో కారణం ఏదో ఒకటి ఉండాలి. ఏమని రాయను?"

"సొంత కారణాలని రాయండి."

ఫోను పెట్టేశాను. ఆవిడ స్టవ్ తగ్గించి, చెంగుతో చెయ్యి తుడుచుకుంది.

"సొంత కారణాలంటే ఎవరు?"

"నువ్వే."

"మరి అలాగే రాయమనొచ్చుగా. ముప్పై నాలుగేళ్లలో మీ ఆఫీసు కాగితంలో ఒక్కచోటైనా ఉంటాను." నవ్వుతూనే అంది గానీ, కళ్లు చూపించకుండా గిన్నెల వైపు తిరిగింది.

మళ్లీ ఫోను కలిపాను. డైరెక్టరు మేడం ఈసారి కొంచెం విసుగ్గానే ఎత్తింది.

"కారణం మార్చాలి మేడం. భార్య కోసం అని రాయండి."

మేడం గొంతు తగ్గించి, జాలిగా అడిగింది.

"అయ్యో, ఏమైందండీ ఆవిడకి? ఒంట్లో బాగోలేదా?"

"లేదు మేడం, బాగానే ఉంది," అన్నాను. "అందుకే."