ఫోన్లు బీరువాలో ఉన్న పూట

బాబామియా ఇనుప బీరువా పై అరలోని పాత గోనె సంచులు కిందికి దించి, తడిగుడ్డతో అర తుడుస్తున్నాడు. చేయి పైకెత్తినప్పుడల్లా కుడి భుజం పట్టేస్తోంది. బక్కపలచని మనిషి, నెరిసిన గడ్డం, మెడ దగ్గర వెలిసిపోయిన ఖాకీ చొక్కా. మానుకోట నుంచి నెల్లికుదురు పోయే దారిలో ఉన్న ఈ మిరప పరిశోధన కేంద్రంలో అటెండరుగా చేరినప్పుడు అతనికి మీసాలు కూడా సరిగా రాలేదు. వచ్చే ఏడాది రిటైరవుతాడు.

ఆ రోజు విదేశీ బృందం వస్తోంది. వాళ్ళ ఫోన్లు, కెమెరాలు బీరువాలో పెట్టాకే తోటలోకి పంపాలని విశ్వవిద్యాలయం నుంచి ఆదేశం. పనివాళ్ళకూ అదే నియమం.

పొద్దున ఇంటి నుంచి బయల్దేరుతుంటే లతీఫా గుండెల్లో మంటగా ఉందన్నది. రాత్రి తిన్న పకోడీల వల్లేమో అని తనే నవ్వింది. అతను చెప్పులు విప్పబోతే ఆపింది.

"షిఫా ఉన్నది గద నా వెంట. జర దవాఖానకు పోయొస్తం. మీరు డ్యూటీకి పోండ్రి."

కూతురు షిఫా పుట్టింటికి వచ్చి నాలుగు రోజులైంది. అల్లుడు జునైద్ భూపాలపల్లిలో లారీ నడుపుతాడు. కూతురు తోడుంది కదా అనుకుని బాబామియా సైకిలెక్కాడు.

శాస్త్రవేత్త సుమన రెండు ల్యాప్‌టాప్‌లు మోసుకుంటూ వచ్చింది. జనగామ పిల్ల. వచ్చే వారం ఆ అతిథుల దేశానికే వెళ్తోంది. ఒకటి ఇక్కడే తాళంలో ఉంటుంది, రెండోది వెంట తీసుకుపోతుంది.

"ఈ రెండో దాంట్ల ఏం లేదన్నా. ఆడ ఎవరు తెరిసి చూసినా ఒట్టిదే," అంది అలసటగా.

ఆ జాగ్రత్త ఎందుకో బాబామియాకు తెలుసు. నల్ల తామర పురుగు ఈ చుట్టుపక్కల మిరప తోటలన్నీ మాడ్చేసిన ఏడు, ఈ కేంద్రంలో ఒక్క సాలు మాత్రం పచ్చగా నిలబడింది. సుమన దాని మీదే పని చేసింది. తర్వాత వచ్చిన ఒక బృందంలో ఎవరో మొక్కలకు కట్టిన చీటీలను ఫోన్లో ఫొటో తీసుకుపోయారు. ఏ మొక్కను దేనితో కలిపారో అంతా ఆ చీటీల మీద ఉంది. కొన్నాళ్ళకు అదే కలయిక ఒక పరాయి కంపెనీ ప్రకటనలో కనిపించింది. పై అధికారుల ముందు సంజాయిషీ చెప్పుకుని వచ్చిన సుమన, గదిలో తల వంచుకుని ఏడ్చింది. టీ తీసుకెళ్ళిన బాబామియా ఆమెను చూసి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెనక్కి వచ్చేశాడు.

అతిథులు గేటు దగ్గర దిగారు. బాబామియా పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కొక్కరూ ఫోన్లు అందులో పెట్టారు. గేటు దగ్గరుండే బిక్షపతి కూడా తన ఫోను తెచ్చి పెట్టాడు.

సుమన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "ఇంట్ల పానం బాగలేదంటిరి గద. మీది జేబుల ఉంచుకోండ్రి అన్నా, ఎవరేమంటరు?"

బాబామియా అతిథుల వైపు చూశాడు. వాళ్ళూ ఇటే చూస్తున్నారు.

"మనమే ఉంచుకుంటే వాళ్ళనెట్ల అడుగుతం మేడం?"

ఫోను పళ్ళెంలో పెట్టి, పళ్ళెం బీరువాలో పెట్టి, తాళం వేశాడు.

తర్వాతదంతా ఎప్పటి పనే. నీళ్ళ సీసాలు మోశాడు. ఎండలో తోట అంచున నిలబడ్డాడు. పండిన మిరప ఘాటుకు దగ్గొచ్చింది. ఒకాయన రాలిన కాయ తీయబోతే చేయి అడ్డం పెట్టి, తనే తీసి బుట్టలో వేశాడు. అందరూ బయటికి వచ్చాక ముక్కాలిపీట మీద కూర్చుని, బూట్ల అడుగున గింజలు ఇరుక్కోలేదు కదా అని కుంచెతో దులిపాడు. చివరి జత దులిపి లేవబోతే మోకాళ్ళు సహకరించలేదు. ఒక పెద్దావిడ చెయ్యందించి లేపింది. అతను సిగ్గుపడ్డాడు.

బీరువా తెరిచేసరికి అతని ఫోను పళ్ళెం అంచుకు జరిగి ఉంది. తెర మీద షిఫా పేరు. దాని కింద మళ్ళీ షిఫా, మళ్ళీ షిఫా. పక్కనున్న బిక్షపతి ఫోనులోనూ ఆ నంబరే.

అతిథులు చేతులు చాచి నిలబడి ఉన్నారు. బాబామియా ఒక్కొక్క ఫోనూ తీసి ఎవరిది వాళ్ళకు ఇచ్చాడు. తొందరపడలేదు. తనది చివర తీసుకుని గోడ పక్కకు వెళ్ళాడు.

"అబ్బా, ఏడున్నరు?" షిఫా గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. "అమ్మీ పోయింది అబ్బా. బెంచీ మీద కూసున్నది కూసున్నట్టే ఒరిగింది. లోపలికి తీస్కపోయిన్రు గనీ..."

"ఎప్పుడు బిడ్డా?"

"జొహర్ అజాన్ అయితుండె. మీరొస్తున్నరా అని అడిగింది. ఫోన్ ఎత్తుతలేరని చెప్పిన. డ్యూటీల ఉన్నరేమో, పరేషాన్ చెయ్యకు అన్నది."

బాబామియా గోడకు చెయ్యి ఆనించాడు. ఆ మధ్యాహ్నం నమాజు వేళకు తాను తోట అంచున నీళ్ళ సీసాలు పంచుతున్నాడు.

ఆ మాటలు విని సుమన దగ్గరికి వచ్చింది. "నేనైనా గట్టిగ చెప్పాల్సుండె అన్నా."

"మీరు చెప్పిన్రు మేడం. నేనే పెట్టిన." బీరువా తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "జర జీపు ఇప్పించుండ్రి."

దవాఖానలో లతీఫా ముఖం మీద కప్పిన తెల్లగుడ్డను తనే తీసి చూశాడు. నుదుటి మీద జుట్టు చెదిరి ఉంది. వేలితో వెనక్కి దువ్వాడు. ఫోను చేతిలో ఉండి ఉంటే అందేవాడో లేదో అతనికి తెలియదు. గొంతయినా వినేది కదా అనుకున్నాడు. చాలా సేపు ఆమె పాదాల దగ్గర నిలబడి, కాళ్ళు లాగుతుంటే మంచం పట్టీ పట్టుకున్నాడు.

సాయంత్రం ఎండ ఉండగానే జునైద్ వచ్చి వ్యాను మాట్లాడాడు. లతీఫాను ఎక్కించారు. షిఫా తల్లి తల దగ్గర, బాబామియా కాళ్ళ దగ్గర కూర్చున్నారు. వ్యాను కదిలింది.

వరండాలో లతీఫా కూర్చున్న బెంచీ మీద ఒక గుడ్డసంచి ఉండిపోయింది. అందులో, దారిలో కొని ఆమె తన తడి చేతిరుమాలులో చుట్టిన పుదీన కట్ట ఇంకా పచ్చగానే ఉంది.