బావమరిది సభ్యత్వం

నాలుగు వందల మంది కుట్టుమిషను మెకానిక్కులు కలిసిమెలిసి ఉన్న చోటును చెడగొట్టింది ఆయన బావమరిదే. అందులో వాదించడానికేమీ లేదు.

ఆ చోటు ఒక మెయిలింగ్ లిస్టు, పెట్టింది ఆయన భార్య. ఒకరు ఉత్తరం రాస్తే అందరికీ చేరుతుంది. దారం తెగుతోందని ఒకరు మొత్తుకుంటే పదిమంది జవాబు చెబుతారు. ఆవిడ పోయిన ఈ నాలుగేళ్లుగా, తన మిషన్ల రిపేరు షాపుతోపాటు దాన్నీ ఆయనే చూసుకుంటున్నాడు. ఆవిడ చేత్తో మొదలుపెట్టినవాటిలో ఇంకా నడుస్తున్నది అదొక్కటే.

బావమరిది చేతికి ఏనాడూ గ్రీజు అంటలేదు. అయినా ప్రతి ప్రశ్నలోనూ తల దూర్చేవాడు. దారం చుట్టే బాబిన్ బిగుసుకుపోయిందని కొత్తవాడెవడో రాస్తే, "అదీ తెలియకుండా షాపెందుకు తెరిచావయ్యా?" అని అందరిముందూ కడిగేసేవాడు. ఆయన నచ్చజెప్పాడు. గదమాయించాడు. లాభం లేకపోయింది.

చివరికి కళ్లెం వేశాడు. బావమరిది ఏం రాసినా ముందు ఆయన దగ్గరికొస్తుంది, ఆయన సరేనంటేనే బయటికెళ్తుంది. తీరా చూస్తే కళ్లెం ఆయన నోటికే పడింది. ఇన్నాళ్లూ ఎవరూ చదవకుండా పారేసిన ఉత్తరాలకు, చదివి తీరాల్సిన మనిషి ఒకడు దొరికాడు. రోజుకు మూడు రాసేవాడు ఇరవై రాయసాగాడు. "బావా, ఇది చదివాకైనా సిగ్గుపడు" అని మొదలయ్యేవి.

ఓరోజు పదిహేడోదాని దగ్గర విసుగెత్తి, చదవకుండానే సరే నొక్కాడు. అది లిస్టులో అందరూ పెద్దమ్మ అని పిలిచే సభ్యురాలి మీద రాసింది. చూపు లేకపోయినా, చప్పుడెలా ఉందో రాస్తే చాలు, ఏ మిషనుకు ఏ జబ్బో చెప్పగల మనిషి ఆవిడ. కళ్లు కనబడనివాళ్లు ఇంట్లో కూర్చోవాలట.

పెద్దమ్మ ఫోన్ చేసింది. "నాయనా, అతనన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. నువ్వే తేల్చు."

ఆవిడ వెళ్తే లిస్టు మిగలదు. మర్నాడు పొద్దున, షాపులో విప్పిపెట్టిన మిషన్ల మధ్యే కంప్యూటర్ తెరిచాడు. సభ్యుల్ని తీసేసే అధికారం ఇప్పటికీ భార్య ఖాతాకే ఉంది. అందులోంచి వెళ్లి బావమరిది పేరు తీసేశాడు. తీసేసినట్టు ఉత్తరం దానంతటదే వెళ్లింది. అది ఎవరి పేరుతో వెళ్తుందో ఆయన ఆలోచించలేదు.

పది నిమిషాలకు ఫోన్.

"బావా, అక్క దగ్గర్నుంచి మెయిలొచ్చింది."

ఆయన తెర మీద చూశాడు, ఉత్తరం భార్య పేరుతోనే వెళ్లింది.

"పేరు చూసి అక్కే రాసిందనుకున్నా బావా. తెరిస్తే, మిమ్మల్ని తొలగించడమైనది అనుంది."

"అది కంప్యూటర్ పంపింది."

"దానికి బుద్ధి లేదు సరే, నీకేమైంది? గెంటితే నీ పేరుతో గెంటాల్సింది!"

"అక్క ఉన్నప్పుడు నోరు అదుపులో ఉండేదిగా నీకు?"

"అక్క ఉన్నప్పుడు నా మాట వినే మనిషుండేది." గొంతు తగ్గింది. "మళ్లీ చేర్చు బావా. ఒక్క ముక్క రాయను, ఒట్టు. అక్క పాత ఉత్తరాలన్నీ అందులోనే ఉన్నాయి. చదువుకుంటా."

ఒక్క నొక్కు చాలు. ఆయన వేలు అక్కడే ఉంది.

"కుదరదు" అని ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం కూతురు షాపుకొచ్చింది. "నాన్నా, మావయ్య ఏడుస్తున్నాడు. పొరపాటైందని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయింది?"

"పొరపాటేం కాదు."

"అమ్మ పేరుతోనా నాన్నా?"

ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "ఆ సంగతి వాడితో మాట్లాడను, నీతో మాట్లాడను. బతికుండగా ఇంకెవరితోనూ మాట్లాడను. ఇంటికెళ్లు."