సాంజాలో విసిరిన రాళ్ళు

కిన్షాసాలో సాంజా నైట్‌క్లబ్బు మూతపడి పదేళ్ళు. సాంజా అంటే చంద్రుడు. ఇప్పుడక్కడ ప్రార్థన మందిరం నడుస్తోంది కనుక, పాటగాళ్ళకు అమావాస్యే. బీరు పొంగిన చోట భక్తి పొంగుతోంది. వాద్యబృందం నిలబడిన వేదిక మీద పాస్టరుగారి కుర్చీ.

ఒక మధ్యాహ్నం రేడియో అమ్మాయి కపింగా ఆ క్లబ్బు చరిత్ర రికార్డు చెయ్యడానికి వచ్చింది. ముప్ఫయ్యేళ్ళు అక్కడే పాడి పాడి గొంతు పాడు చేసుకున్న మతోండో, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ హాజరయ్యాడు. అతని ఆశ ఒక్కటే: చచ్చేలోగా తన పేరు రేడియోలో వినపడాలి. మతోండో అంటే కృతజ్ఞత. సాంజాలో అది ఎవరికీ లేదు.

కానుకల కోసం పాట మధ్యలో పెద్దమనుషుల పేర్లు పిలవడాన్ని ఆ ఊళ్ళో రాయి విసరడం అంటారు. మతోండో గురి తప్పేవాడు కాడు. చక్కెర వ్యాపారి, కల్నలు, కల్నలు భార్య, కల్నలుకు భార్య కానిది, అందరి పేర్లూ మోగించాడు. అందరికన్నా ఎక్కువగా, పాట పాటకూ, క్లబ్బు యజమాని మవుంగు పేరు. తన పేరు తను విసురుకోవడం మర్యాద కాదు, ఇంకొకడు విసరాలి. ఆ ఇంకొకడు పుట్టలేదు.

మవుంగు కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి కూర్చున్నాడు. కపింగా పరుగున వెళ్ళి అతని చేతులు పట్టుకుంది.

"మవుంగు తాతా! మా అమ్మ మీ క్యాసెట్లు అరగదీసింది. పాటలో మీ పేరు మీరే ఎంత ముద్దుగా పాడుకునేవారో!"

మతోండో గుండె ఆగింది. మవుంగు తల ఊగింది.

"ఏదో, వయసులో అలా పాడేవాణ్ణిలే అమ్మా."

"అబద్ధం!" మతోండో లేచాడు. "పాడింది నేను! వీడికి దగ్గు తప్ప రాగం రాదు!"

"ఎవరు తాతా ఈయన?"

"క్లబ్బులో పడి ఉండేవాడులే," అన్నాడు మవుంగు. "నీ పేరేంట్రా? నోట్లోనే ఉంది..."

"నీ నోట్లో నా కూడు కూడా ఉంది!"

"పాడె ఎక్కే వయసులో పాటకు పోటీ ఏంట్రా!"

కపింగా మైకు మతోండో వైపు తిప్పింది. "గొడవెందుకు? మీ పేరు పెట్టి మీరే పాడండి తాతా. గొంతే చెబుతుంది."

మర్యాద గాలికి వదిలేసి మతోండో అందుకున్నాడు. పాత గొంతు ఎక్కణ్ణించో లేచొచ్చింది. మందిరం ఊడ్చే ఆమె చీపురు ఆపింది. కపింగా కళ్ళు పెద్దవయ్యాయి. పేరు పడాల్సిన చోటు వచ్చింది. మతోండో ఊపిరి నిండా పీల్చి విసిరాడు:

"మవుంగూ... ఓ మవుంగూ!"

నాలుక అలవాటైన దారినే పోయింది.

మవుంగు కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. "చూశావా అమ్మా, పిచ్చోడికి నేనంటే ఎంత ప్రాణమో!"

"ఇంకోసారి! అమ్మా, ఇంకొక్కసారి!" మతోండో బతిమాలాడు.

"చాలు తాతా, అభిమాని అంటే మీరే," అని కపింగా మైకు మవుంగుకు ఇచ్చేసింది.

ఆదివారం ఆ పాత పాటలు రేడియోలో వచ్చాయి. పక్కింటామె గోడ మీంచి తొంగి చూసింది.

"ఏం పాడాడండీ ఆ మవుంగు! విన్నారా?"

"విన్నాను," అన్నాడు మతోండో.