ఊదారంగు చారలు

తుప్పు కాదిది, తుప్పయితే లోపల్నుంచి పుట్టాలి, ఇది పైనుంచి రాలింది, అనుకుంటూ వెర్నా తెల్లకారు బానెట్ మీద అరచెయ్యి ఆనించింది, గరుకుగా తగిలింది, నారింజ చుక్కలు ఒకటా రెండా, వీధి చివర ఉక్కు మిల్లు పొగగొట్టం ఏమీ ఎరగనట్టు నంగనాచిలా నిలబడి ఉంది, పదింటికి మిల్లు తరఫున కర్టిస్ వస్తాడు, కాగితం తెస్తాడు, సంతకం పెట్టేయండి వెర్నా గారూ, ఈ కూపన్లతో ఏడాదంతా మీ కారు ఉచితంగా కడిగించుకోండి, ఇక ఫిర్యాదు మాత్రం చెయ్యకూడదు, అంటాడు, పోయినసారీ అదే మాట, కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఏదండీ మా మిల్లు దుమ్ము, అద్దంలా మెరుస్తోందిగా మీ బండి, అని పళ్ళికిలించాడు, పక్కింటి స్టెల్లా అయితే, ఒసేయ్, వీధి వీధంతా సంతకాలు పెట్టేశాం, నీకొక్కదానికే ఎందుకే ఈ మొండితనం, అంది, మొండిదాన్నే, అయితే ఏంటట, ఆ కూపన్లు ఎవడిక్కావాలి, ఇది మా దుమ్మే అని ఒక్క మాట ఒప్పుకోమను చాలు.

తొమ్మిదిన్నరయింది, బండి నీడలోనే ఉంది, ఇనుప రేణువుల్ని కరిగించే ఈ మందు ఎండలో బండి మీద కొట్టకూడదు, ఎండిపోతే మరకలు పడతాయి, పాపం ఎమిల్‌కి అవన్నీ ఏం తెలుసు, అదే మిల్లులో ముప్పయ్యేళ్ళు చేసిన మొగుడు, గిన్నెలు తోమే పీచుతో పాత నీలం కారును రుద్ది రుద్ది గీతలు పడేసి, రంగే నాసిరకమే, అన్నాడు, చచ్చేదాకా మిల్లుని ఒక్క మాట అననివ్వలేదు, తను మాత్రం నేర్చుకుంది, మందు కొట్టడం, కాసేపు ఆగి కడగడం, మిగిలిన రేణువుల్ని కార్ల కోసమే అమ్మే మెత్తటి మట్టిముద్దతో లాగేయడం, ఆపైన మైనం పూయడం, మైనం ఉంటే రేణువు లోతుకు దిగదు, దిగదు గానీ రాలడం ఆగుతుందా, ఎడమ తలుపు మీద కొట్టింది, చుక్క చుక్కా ఊదారంగుకు తిరిగి కారింది, ఇనుమయితేనే ఊదా, పుప్పొడి అయితే ఇలా మారదు, చూస్తుంటే కడుపు మండిపోయింది, త్వరగా కడిగెయ్యాలి, ఇంటికి మనిషొస్తుంటే మురికి బండి ఎదురు పెడతామా, అమ్మ పెంపకం అది, ఎవరొస్తున్నా ముందు గడప తుడవాల్సిందే, గొట్టం అందుకుని తలుపు కడిగి బానెట్ వైపు తిరగబోయి,

ఆగింది, అతనొచ్చిన ప్రతిసారీ బండి అద్దంలా ఎందుకుంది, ఎవరు తుడిచారు, ఇన్నేళ్ళూ మిల్లు చేసిన పనిని తన చేతులతో తనే కడిగి, ఆరబెట్టి, మైనం కూడా పూసి చూపించింది, సిగ్గుతో ముఖం వేడెక్కింది, తర్వాత నవ్వొచ్చింది, గొట్టం కింద పడేసి, మందు సీసా ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది, రానీ కర్టిస్‌ని, సీసా అతని చేతికే ఇస్తుంది, కొట్టు నాయనా, నువ్వే కొట్టు, ఊదా కారేదాకా కళ్ళు తిప్పుకోకు, అంటుంది, బండి మురికిగానే ఉంది, ఉండనీ, అది తన మురికి కాదు.