పోశం పేరున బియ్యం

చాయ్ మీద మీగడ కట్టింది, వేలుతోని తీసెయ్యాలె అనుకుంటనే రాజం తియ్యడు, ఎదురుంగ కుర్చీల మలేషియా నుంచొచ్చిన పిల్ల, దీపనట, గోడ మీది మొకం మసకబారిన నాయిన ఫొటోనే చూస్తున్నది, ఫొటో కింద పోశం అని రాసున్నది, అంకుల్, మా తాత కూడా పోశమే, వాళ్ల నాన్న కొమురయ్య, తాత వాళ్ల ఊర్లో అడిగితే పోశం కొడుకు రాజం గోదావరిఖనిలో ఉన్నాడన్నారు, అంటే తాతకు ఇక్కడ ఇంకో సంసారం ఉందా, అని అడిగింది, కండ్లల్ల నీళ్లు తిరిగినయి ఆ పిల్లకు, రాజానికే ఏమనిపిస్తలేదు, లోపల మొత్తం మొద్దుబారింది, ఏం సంసారం బిడ్డా, ఉన్నది ఒక్క నౌకరే అనాలె, ఆ పోశం బొగ్గు బావిల దిగి నాలుగొద్దులు చెయ్యకముందే భయపడి బొంబాయి పారిపోయిండు, అక్కడికెంచి ఓడెక్కిండట, ఆ పేరు మీద నాయిన ఓదెలు దిగిండు, అప్పట్ల గట్ల దిగినోళ్లు గల్లీకొకలు, మారుపేరోళ్లు అనేది, ఇంట్ల ఓదెలు, బావి మీద పోశం, నిద్రల పోశం అని పిలిచినా ఆఁ అని లేసేటోడు నాయిన, ముప్పై ఏండ్ల కింద నాయిన పోయినంక పోశం కొడుకుగనే రాజానికి నౌకరొచ్చింది, వచ్చే ఏడు రిటైరై దిగిపోవుడు, ఇప్పుడు నోరు తెరిస్తే ఎక్కడికి పోతదో, వంటింట్లకెంచి భార్య యమున చెప్పకు అని తల ఊపుతున్నది, చెప్పకపోతే ఏమైతది, ఆ పిల్ల తాత మోసగాడైతడు, గంతే గదా, మనకేంది.

మీ తాత ఎప్పుడు పోయిండు బిడ్డా, అన్నడు, ఎందుకడిగిండో తనకే తెల్వదు, మొన్న ఎండాకాలం అంకుల్, అన్నది, మొన్ననా, ఇయ్యాల పెత్రమాస, పెద్దల అమాస, పొద్దుగాలనే గుడి కాడ పెద్దలకు బియ్యమిచ్చి వచ్చిండు, ఖాళీ పళ్లెం ఇంకా టీవీ పక్కనే ఉన్నది, పేర్లు చెప్పమని అయ్యగారంటే పోశం, కొమురయ్య అని గడగడ చెప్పిండు, ఏటా గంతే, నాయిన గూడ అంతే, లైన్ల ముందటెనక బావి మీది మనుషులుంటరని తన తండ్రి నాంపల్లి పేరు మింగి కొమురయ్యకే ఇచ్చేటోడు, అది వినుకుంట పెరిగి రాజం అదే చెప్పుకుంటొచ్చిండు, ఓరి దేవుడా, మలేషియాల తిరుగుతున్న మనిషికి ఇన్నేండ్లు బియ్యమిచ్చిండా, కొడుకు దేశం విడిచిపోయినా కొమురయ్యకు ముట్టింది, మరి నాంపల్లికి, మరి నాయినకు.

మీ తాతకు ఇంకో సంసారం లేదు బిడ్డా, కొమురయ్య కొడుకు ఆయనొక్కడే, నేను ఓదెలు కొడుకును, అన్నడు, గొంతు పక్కింట్ల ఎవలో మాట్లాడినట్టు వినవడ్డది, యమున నెత్తికి చెయ్యి పెట్టుకున్నది, పెట్టుకోనీ, యమునా, పళ్లెంల మళ్ల బియ్యం పొయ్యి, అన్నడు, గుడి బందు కాకముందే పోవాలె, నాయిన ముప్పై ఏండ్ల సంది ఉపాసమున్నడు, కొడుకు బతికుండంగనే.