మట్టిదిబ్బ మీద ఓటు

"సరే" అన్నాను. ఆ దిక్కుమాలిన మాట ఒకే రోజు ఇద్దరికి చెప్పాను. ఎవరేం అడిగినా కాదనలేని జబ్బు నాది. ఇంట్లోవాళ్ళు దాన్ని మంచితనం అనేవాళ్ళు, నేనూ కాబోలనుకున్నాను. నా మొహం, మంచితనమట!

మొదట అడిగింది ఊవే. జర్మనీలో హార్జ్ కొండల్లోని మా యూనివర్సిటీ బేస్‌బాల్ క్లబ్‌కి కోచ్ ఆయనే, ప్రెసిడెంటూ ఆయనే. అరవై దాటాయి. గుంటూరు నుంచి మాస్టర్స్‌కి వచ్చిన నన్ను జట్టులోకి తీసుకుని, బంతిని కొట్టాక బ్యాట్ అక్కడే పడేసి పరిగెత్తాలని నేర్పాడు. చిన్నప్పటి నుంచి అన్నయ్యలతో క్రికెట్ ఆడినదాన్ని కదా, ప్రతిసారీ బ్యాట్ పట్టుకునే పరిగెత్తేదాన్ని. ఆయన ఒక్కనాడూ విసుక్కోలేదు.

మనుషులు చాలక జట్టు మూతపడేలా ఉందని ఆయన దిగులుపడుతుంటే, నేనే మన తెలుగు కుర్రాళ్ళని బతిమాలి క్లబ్‌లో సభ్యులుగా చేర్పించాను. ఒకటి రెండు ప్రాక్టీసులకి వచ్చారు. ఆ పచ్చటి మైదానం చూశాక వాళ్ళకి వేరే ఆలోచన పుట్టింది. వాళ్ళ బాధా అబద్ధం కాదు పాపం, పార్కింగ్‌లో టేపు బంతితో ఆడుకుంటే పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలుస్తున్నారు. మైదానాన్ని క్రికెట్‌కి ఇచ్చెయ్యాలని, బంతి విసిరేవాడు నిలబడే మట్టిదిబ్బని చదును చెయ్యాలని వార్షిక సమావేశానికి తీర్మానం పంపారు. ఆ దిబ్బ లేకపోతే లీగ్ వాళ్ళు మాకు మ్యాచులు ఇవ్వరు. మ్యాచులు లేకపోతే ఇక జట్టెందుకు?

"లెక్క చూశాను ఉదయా" అన్నాడు ఊవే ఆ రోజు పొద్దున. "నువ్వు మావైపు చెయ్యెత్తితే రెండు పక్షాలూ సమానం. సమానమైతే తీర్మానం వీగిపోయినట్టే. ఎత్తుతావా?"

"సరే" అన్నాను.

మధ్యాహ్నం వంటింట్లో విశ్వతేజ పట్టుకున్నాడు. వరంగల్ పిల్లాడు, మా ఫ్లాట్‌లోనే పక్క గది. నాకు జ్వరమొస్తే చారు కాచి ఇచ్చాడు, ఆన్మెల్డుంగ్ టెర్మిన్‌కి, అదే ఆఫీసులో అడ్రసు నమోదు చేయించుకునే రోజున, సెలవు పెట్టుకుని తోడొచ్చాడు. తీర్మానం రాసింది కూడా వాడే.

"అక్కా, నువ్వు మాకు ఓటెయ్యకున్నా నడుస్తది" అన్నాడు. "ఆళ్ళ దిక్కు మాత్రం చెయ్యి లేపకు. గంతే. మనోళ్ళమే కదా అక్కా!"

"సరేలేరా" అన్నాను.

సాయంత్రం సమావేశం. క్లబ్ పుట్టి నలభై ఏళ్ళయిందని, ఓటింగ్‌కి ముందు క్లబ్ చరిత్ర చదవాలన్నాడు ఊవే. కొత్తవాళ్ళ నోటినుంచి వింటే బాగుంటుందని ఆ పని నాకే అప్పజెప్పాడు. చదివాను, ఏం చేస్తాను!

ఎనభైల్లో ఇద్దరు విద్యార్థులు ఏడాదిపాటు అమెరికాలో చదువుకుని, వస్తూ వస్తూ సూట్‌కేసుల్లో బ్యాట్లు తెచ్చారట. యూనివర్సిటీ వాళ్ళకి ఎవరికీ అక్కర్లేని చోటు చూపించింది, పాత గనిలోంచి తీసిన రాళ్ళు పారబోసిన చోటు. వాళ్ళు రాళ్ళేరారు, తోపుడు బండ్లతో మట్టి మోశారు, దిబ్బ కట్టారు. చలికాలంలో మంచుకి అది కుంగిపోతే, ఎండలొచ్చాక మళ్ళీ కట్టారు. ఏటా అంతే. ఒకసారి మ్యాచ్‌కి మనిషి తక్కువైతే బస్సు డ్రైవర్‌కి గ్లవ్ తొడిగి నిలబెట్టారు. ఇన్నేళ్ళలో ఒక్క కప్పు గెలవలేదు. ఆ మాటకి ముసలి ఆటగాళ్ళంతా బల్లలు చరిచి మరీ నవ్వారు. మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకాయన పోయాడు. రెండో ఆయన ఊవే.

నా జర్మన్ తడబడ్డ చోటల్లా ఆయనే మెల్లగా మాట అందించాడు. వెనక మనవాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. ఒళ్ళు మండింది గానీ ఎవరిమీద అరవను? తీసుకొచ్చి కూర్చోబెట్టింది నేనే కదా!

"అనుకూలంగా ఉన్నవాళ్ళు?" అన్నాడు ఊవే. మనవాళ్ళ చేతులన్నీ లేచాయి. ఆయన నిదానంగా లెక్కపెట్టాడు.

"వ్యతిరేకించేవాళ్ళు?" ముందు తన చెయ్యి ఎత్తి, నా వైపు చూశాడు.

ఎత్తవే మొద్దూ, ఎత్తు, అని లోపల తిట్టుకుంటూనే ఉన్నాను. చేతులు ఒళ్ళోంచి కదల్లేదు. విశ్వతేజ సరిగ్గా నా వెనకే కూర్చున్నాడు. రేపు పొద్దున మళ్ళీ అదే వంటింట్లో వాడి మొహం చూడాలి. ఎందుకొచ్చిన గొడవ, నేను వాళ్ళకీ ఓటెయ్యలేదుగా, ఎవరికీ అన్యాయం చెయ్యలేదుగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఊవే ఇంకాసేపు ఆగాడు. నాకు ప్రశ్న అర్థం కాలేదనుకున్నాడేమో, ఇంకోసారి తేలిక మాటల్లో అడిగాడు. ఛీ, ఆ క్షణాన భూమి చీలినా బాగుండేది. తర్వాత ఆయన తలదించుకుని అంకె వేసుకున్నాడు. ఒక్క ఓటు తేడా.

పోనీలే, నా సంగతి ఎవరూ పట్టించుకోరు, బతికిపోయానని ఊపిరి పీల్చుకున్నాను. ఇలాంటి సమావేశానికి రావడం నాకదే మొదటిసారి. ఇక్కడ మూడో ప్రశ్న కూడా ఉంటుందని నాకేం తెలుసు?

"ఎటూ ఓటు వెయ్యనివాళ్ళు?" అన్నాడు ఊవే. "చేతులెత్తండి."

గదిలో ఎవరూ కదల్లేదు. వచ్చినవాళ్ళ లెక్కా చేతుల లెక్కా సరిపోవాలి, ఒక మనిషి మిగిలిపోయింది. ఆయన నా వైపు చూడకుండా కాగితం మీదే చూపు పెట్టి కూర్చున్నాడు. నన్ను ఇబ్బందిపెట్టకూడదనే అలా కూర్చున్నాడని అర్థమై తల కొట్టేసినట్టయింది.

భుజం దాకా ఎత్తాను.

"కనబడటం లేదు" అని వెనకనుంచి ఎవరో ముసలాయన కేకేశాడు. "ఇంకాస్త పైకి!"

మనవాళ్ళూ, వాళ్ళూ, అందరూ తిరిగి చూస్తుండగా పైకెత్తాను.

"ఒకటి" అని గట్టిగా చదివి రాసుకున్నాడు ఊవే.