మింగేసిన వాక్యం

"అనురాగబంధాలు కామా కుటుంబమనే చట్రంలో కామా ఒదిగినట్టే కనిపిస్తాయి ఫుల్‌స్టాప్," అని తమ్ముడు రాతప్రతిని విరామచిహ్నాలతో సహా పైకి చదువుతున్నాడు. ఎదురుగా అక్క ప్రూఫు మీద ఎర్రకలం కదుపుతోంది. ఇరవై ఆరేళ్లుగా ఈ అచ్చాఫీసులో ఇదే బల్ల, ఇవే రెండు కుర్చీలు. వాడు చదవాలి, ఆవిడ దిద్దాలి. ఆవిడ కళ్లు గప్పి ఒక్క తప్పు బయటపడిందంటే అది పెట్టి పుట్టినట్టే. మనిషి సన్నం, కళ్లద్దాలు మందం, చూపుడువేలి మీద ఎన్ని సబ్బులు రుద్దినా వదలని ఎర్రమరక.

ఇవాళ్టి పుస్తకం ఒక ప్రొఫెసరుగారిది. నవలల్లోని కుటుంబాలను మనోవిశ్లేషణ చేశాడు. తల్లి కొడుకును ముద్దాడితే దానికో పేరు, కూతురు తండ్రి మీద అలిగితే ఇంకో పేరు.

"ఈయనింట్లో ఎవరూ మామూలుగా భోంచేసినట్టు లేదురా," అంది అక్క. తమ్ముడు నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో ఆవిడకు తెలుసు. కింది అంతస్తులో పుస్తకాలు కుట్టే ఆవిడకు వేరే ఊళ్లో పని దొరికింది. ఐదున్నర బస్సుకు వెళ్లిపోతోంది. పెళ్లి చేసుకుందాం, నువ్వూ రా అని వీణ్ణి అడిగింది. నలభై మూడేళ్లవాడు, పొద్దున సంచీ తెచ్చి బీరువా వెనక దాచాడు గాని అక్కతో చెప్పడానికి నోరు పెగల్లేదు. అక్కా అడగలేదు. అమ్మ పోయాక వాడికి తల దువ్వి బడికి పంపింది తనే. అడగడానికి గుండె ఒప్పలేదు.

నాలుగు దాటాక ఎనిమిదో అధ్యాయం వచ్చింది. ఒక నవలలో తమ్ముణ్ణి పెంచి పెద్దచేసిన అక్క గురించి. చదువుతూ చదువుతూ వాడు అధ్యాయం చివరి పంక్తుల్లో ఒకచోట గుటకవేసి ముందుకు సాగిపోయాడు. ఎర్రకలం ఆగింది.

"ఒక వాక్యం మింగేశావు."

"లేదక్కా."

"ప్రూఫులో ఉందిరా. చదువు."

వాడు చదివే పంక్తి కింద పెట్టుకునే చెక్కస్కేలును పై పంక్తి కిందికి జరిపాడు. "వచ్చిన ప్రతి సంబంధానికీ ఆ అక్క వంక పెట్టింది సెమీకోలన్ అది బాధ్యత కాదు కామా తమ్ముడు తనవాడిగానే మిగలాలన్న కోరిక ఫుల్‌స్టాప్."

అక్కకు ఒళ్లు మండింది. ఈయనకేం తెలుసని? మార్జిన్లో ప్రశ్నార్థకం గీసింది. అనుమానం ఉన్నచోట రచయితను అడగమని పెట్టే గుర్తు అది. అంతలో తమ్ముడికి సంబంధంగా వచ్చిన టీచరమ్మ గుర్తొచ్చింది, నవ్వితే చిగుళ్లు కనిపిస్తాయని తను వద్దన్న అమ్మాయి. మందులషాపాయన చెల్లెల్ని గొంతు పెద్దదని వద్దంది. నిజానికి చక్కటి గొంతు. అక్కకు సిగ్గేసింది. ప్రశ్నార్థకం కొట్టేసి, ఉన్నదున్నట్టే ఉంచమని పక్కన రాసింది.

"సంచీలో స్వెట్టరు పెట్టుకున్నావా?" అంది తలెత్తకుండా.

వాడు బిత్తరపోయాడు. "నీకెలా తెలుసు?"

"కామా పోతేనే పట్టుకుంటాను, అంత సంచీ కనబడదా? ఐదవుతోంది, బయల్దేరు. ఆ పిల్లను బస్టాండులో ఒక్కదాన్నే నిలబెట్టకు."

"మరి నీకెవరు చదువుతారక్కా?"

"నాకూ చదువొచ్చురా."

వాడు లేచి కుర్చీని బల్ల కిందికి జరిపాడు. తర్వాత సంచీ తీసుకుని వెళ్లిపోయాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు చివరి మెట్టుదాకా విని, ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని, తొమ్మిదో అధ్యాయం కట్ట విప్పి, కామాలతో సహా పైకి చదువుకుంటూ దిద్దసాగింది. బల్లకు అవతల, ఎనిమిదో అధ్యాయం మీద, ఆ వాక్యం కిందే ఉండిపోయింది వాడి అంచులరిగిన చెక్కస్కేలు.